మీది టేషన్ మెట్లకాడికి

సద్దుల బతుకమ్మకు సెలవు కావాలని అడిగితే మా డిపో పెద్దసారు నా మొహం కూడా చూడకుండా నవ్వాడు. దసరా రద్దీలో కండక్టరుకు సెలవా అని ఆయన నవ్వు. నేనూ నవ్వాను. దసరానాడు రెండు డ్యూటీలు చేస్తానని అక్కడికక్కడే కాగితం రాసిచ్చి, మూడు రోజుల సెలవు చేతబట్టుకునే బయటికి వచ్చాను. పద్దెనిమిదేళ్లుగా ఎల్లారెడ్డి, కామారెడ్డి మధ్య జనాన్ని ఎక్కిస్తూ దించుతూ ఉన్నాను. పండగపూట ముంబైకి పూలు మోసుకుపోవడం మాత్రం ఇదే మొదలు.

పూలు నావి కావు, మా పెద్దమ్మ లచ్చవ్వవి. ఆమెది లింగంపేట దగ్గర చిన్న పల్లె, వయసు డెబ్బైకి దగ్గర పడింది. ముప్పై ఏళ్ల కింద కరువుకు పల్లె సగం ముంబై పోయినప్పుడు తనూ పోయింది. అక్కడ వంతెన మీద రైలు, ఆ వంతెన మీదే స్టేషను కడుతుంటే మెట్లకు ఇసుక, కంకర మోసింది. దాని అసలు పేరు ఆమెకు ఎన్నడూ నోరు తిరగలేదు. పైన ఉండేది కాబట్టి మావాళ్లంతా దాన్ని ‘మీది టేషన్’ అనేవాళ్లు. ఆ ఏడు బతుకమ్మ ఆడుకోవడానికి కూలి ఆడవాళ్లకు నగరంలో జాగా దొరకలేదట. సగం కట్టిన మెట్ల కిందే బతుకమ్మ పెట్టి ఆడారట. మూడేళ్లకు పెద్దమ్మ ఊరికి తిరిగొచ్చింది కానీ ఆ మెట్లను వదల్లేదు. ఏటా సద్దుల నాడు రెండు గంపల పూలతో అక్కడ దిగేది. ముంబైలో బంతిపూలకు కొదవ లేదు, తంగేడు, గునుగు ఎక్కడివి? అక్కడి మన ఆడవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, మెట్ల కింద పూలు తీసుకుని, బతుకమ్మను పేర్చి, ఒక ఆట ఆడి పోయేవాళ్లు. గునుగుకు వాళ్లకు తోచింది ఇచ్చేవాళ్లు. తంగేడుకు మాత్రం పెద్దమ్మ ఎవరి దగ్గరా పైసా ముట్టదు. అది ఆమె పెట్టుకున్న నియమం.

ఈ ఎండాకాలంలో మీది టేషన్‌ను కూలగొట్టారు. కొత్త రైలు దారికి అడ్డమొచ్చిందట. ఆ మాట పెద్దమ్మ ఇంట్లో పడ్డప్పటి నుంచి ఆమె అల్లుడికి పండగే. “లింగంపేట అంగడికి పొయ్యి రావాల్నంటె మోకాళ్లు నొస్తయంటది. లేని టేషన్‌కు పూలు మోస్తదట!” అని వాకిట్లో నిలబడి నలుగురికీ వినబడేలా అన్నాడు. నిజం చెప్పాలంటే నేనూ అదే అన్నాను. “మెట్లే లేవు పెద్దమ్మా, ఎవరొస్తరు?” అన్నాను. ఆమె నా మీద లేచింది. “వచ్చెటోళ్లు మెట్ల కోసం వస్తుండ్రానె? నువ్వు వస్తవా, రావా? రాకుంటె చెప్పు, నేనొక్కదాన్నె పోత.” ఆమె దగ్గర ఫోను లేదు, ముంబై ఆడవాళ్ల నంబర్లూ లేవు. మెట్లుండగా ఫోనెందుకని ఇన్నాళ్లూ కొనలేదు. ఒంటరిగా పంపడానికి మనసొప్పక సెలవు అడిగాను.

తంగేడును విచ్చిన పువ్వుగా కోస్తే సాయంత్రానికే వాడిపోతుంది. పెద్దమ్మ మొగ్గ మీద కోస్తుంది. ప్రయాణం రోజు తెల్లవారుతుండగా పోచారం వైపు గట్ల వెంట కోసుకొచ్చి, గంపలో టేకాకులు పరిచి, తడిపిన పాత నూలు చీరల్లో చుట్టింది. గునుగును రెండు రోజుల ముందే కట్టలు కట్టి గులాబి, ఊదా రంగుల్లో ముంచి ఆరబెట్టింది. “కోసేటప్పుడు మొగ్గ, దిగేటప్పుడు పువ్వు. రైలెంత సేపు పోతదో నాకంటె ఈ తంగేడుకు ఎరుక” అంది.

ఎల్లారెడ్డిలో పదకొండు ఇరవైకి బస్సెక్కాను. కండక్టరు శ్రీకాంత్ కొత్తవాడు. నన్ను చూసి “మేడం, మీరు గూడ ఆధార్ చూపియ్యాలె” అని ఆటపట్టించి, ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు కొట్టిచ్చాడు. లింగంపేటలో పెద్దమ్మ గంపలతో ఎక్కింది. తాడ్వాయి దాటిన కాసేపటికి, రోడ్డు పక్కన మక్కజొన్నలు ఆరబోసిన ఖాళీ జాగా ఒకటి వచ్చింది. బస్సు అక్కడ ఆగకుండానే పోయింది.

ఆ జాగా గురించి ఒక సంగతి చెప్పాలి. అక్కడ నూనె మిల్లు ఉండేది. నాలుగేళ్ల కింద పడగొట్టారు. తర్వాత మా టికెట్ మిషన్లలో స్టేజీల పేర్లు మార్చినప్పుడు మిల్లు స్టేజీని తీసేశారు. పోయిన నెలలో చేతికర్ర పట్టుకున్న ఒక బాపు మిల్లు కాడ ఆపమన్నాడు. “మిల్లే లేదు, ఏడ దిగుతవ్ బాపు?” అని నేను పై స్టేజీలో దించాను. కిలోమీటరుకు పైనే వెనక్కి నడిచిపోయాడు. ఆరోజు నాకేమీ అనిపించలేదు. మిషన్లో లేని స్టేజీలో బస్సెట్లా ఆపుతారు?

ఒంటిగంట దాటి ఐదు నిమిషాలకు కామారెడ్డిలో దిగాము. మిర్చీలు తిని, చాయ్ తాగి, ఆటోలో స్టేషను చేరుకున్నాము. రిజర్వేషన్ నెల కిందటే చేయించాను కాబట్టి స్లీపర్లో రెండు బెర్తులు దొరికాయి, మనిషికి నాలుగువందల చిల్లర. పండగ రోజుల్లో వెళ్లాలనుకునేవాళ్లు అంతకంటే ఆలస్యం చేయవద్దు. రైలు పావుగంట ఆలస్యంగా మూడు ముప్పై ఐదుకు వచ్చింది. గంపలను కింది బెర్తు కిందికి తోయబోతే పెద్దమ్మ ఒప్పుకోలేదు. వాటికి గాలి తగలాలట. బెర్తు మీద గంపలు కూర్చున్నాయి, మేమిద్దరం చివరన ఒదిగి కూర్చున్నాము.

ఎదుటి బెర్తు మీద దోమకొండ నుంచి వస్తున్న సలీం ఉన్నాడు. ముప్పై ఐదేళ్ల మనిషి, టైల్స్ వేసే మేస్త్రీ. మళ్లీ గల్ఫ్ పోవడానికి ముంబైలో డాక్టరు పరీక్షకు వెళుతున్నాడు. నిజామాబాద్ దాటేసరికి పూల సంగతంతా అడిగి తెలుసుకున్నాడు.

“అవ్వా, ఏమనుకోకు. ఆ టేషన్ కూలగొట్టేది నా ఫోన్ల ఉన్నది. ఎవరో వాట్సాప్‌ల పంపిండ్రు” అన్నాడు.

వద్దని నేను కళ్లతో సైగ చేశాను. పెద్దమ్మ అప్పటికే చెయ్యి చాచింది. చిన్న తెరమీద పెద్ద యంత్రం ఒకటి ముక్కు ఎత్తి దించుతోంది. పైకప్పు రేకులు జారాయి, ప్లాట్‌ఫాం ఒక పక్కకు ఒరిగింది. చివరికి మెట్ల వంతు వచ్చింది. పెద్దమ్మ ఫోనును ముక్కుకు ఆనించుకుని చూసింది. ఏడుస్తుందేమోనని ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

“మళ్ల పెట్టు బిడ్డా” అంది. సలీం మళ్లీ పెట్టాడు. మూడోసారి కూడా చూసి, ఫోనును అతని చేతిలో పెట్టింది. “చూసినవా? కప్పు పడ్డది, గోడ పడ్డది. మెట్లు మాత్రం ఎన్ని దెబ్బలు కొట్టినా పడ్తలేవు. ఏడు దెబ్బలు. మేం మోసిన ఇసుక అది.”

“నిజమే అవ్వా, పాతకాలం పని” అని సలీం ఒప్పుకున్నాడు. మేస్త్రీ మాట కదా, పెద్దమ్మకు అది సర్టిఫికెట్టు. అప్పటికప్పుడు డబ్బా తీసి అతనికి రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద పెట్టింది. మేము జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తిన్నాము. నాందేడ్‌లో రైలు ఆగినప్పుడు సలీం దిగి సీసాలో నీళ్లు తెచ్చాడు. వాటిని గంపల మీద చిలకరించి పెద్దమ్మ నిద్రపోయింది.

మర్నాడు ఆరు నలభైకి దాదర్‌లో దిగాము. చీర విప్పి చూస్తే తంగేడు సగానికి సగం విచ్చింది. స్టేషను బయట బంతిపూల గుట్టలు చూసి “పూలైతె ఉన్నయి గని పండుగ లేదు” అని పెద్దమ్మ మూతి విరిచింది. సలీం గంపలను బస్టాపు దాకా మోసి, దండం పెట్టి వెళ్లిపోయాడు. సిటీ బస్సులో కండక్టరుకు నాకొచ్చిన హిందీలో స్టేషను పేరు చెప్పాను. “స్టేషను లేదిప్పుడు” అంటూనే అతను టికెట్టు కొట్టిచ్చాడు. చూస్తే టికెట్టు మీద అదే పేరు ఉంది. ఇదేమిటని అడిగాను. మిషన్లో ఆ స్టాపు ఇంకా ఉంది, తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు, నేనెందుకు తీస్తానని అతను భుజాలెగరేశాడు. నేనూ కండక్టరునేనని చెప్పలేదు. మా మిల్లు స్టేజీ గుర్తొచ్చింది.

ఎనిమిదింబావుకు దిగాము. నేను ఆ చోటును ఇంతకుముందు చూడలేదు. ఇప్పుడు చూడ్డానికీ ఏమీ లేదు. నీలిరంగు రేకులు వరుసగా నిలబెట్టి ఉన్నాయి, రేకుల వెనక నరికిన స్తంభాల మొదళ్లు, వంగిన ఇనుప కడ్డీలు. తలెత్తితే ఖాళీ ఆకాశం. పెద్దమ్మ మాత్రం అటూ ఇటూ చూడకుండా ఎదురుగా ఉన్న చాయ్ డబ్బాను, మలుపులో ఉన్న దర్గా జెండాను గుర్తు పెట్టుకుని అడుగులు వేసుకుంటూ పోయి, రేకుల ముందు ఒకచోట ఆగింది. “ఇగో, మొదటి మెట్టు ఈడ ఉండె” అని గంప దించింది.

రేకుల సందులోంచి వాచ్‌మన్ వచ్చాడు. యాభై ఏళ్లు ఉంటాయి. ఇక్కడ కూర్చోవద్దు, సాహెబులొస్తే తన ఉద్యోగం పోతుందని హిందీలో గదమాయించాడు. పెద్దమ్మ కొంగు పరిచి కూర్చుంది. “ఏమంటుండు వీడు?” అని నన్నడిగింది. నేను చెప్పాను. “పొమ్మనెటోడు మెట్లు కట్టేటప్పుడు ఏడున్నడో అడుగు” అంది.

ఆ మనిషి నవ్వేశాడు. “నాకు తెలుగొస్తది అవ్వా. మాది దెగ్లూరు” అన్నాడు. మన సరిహద్దుకు అవతలి ఊరే. “రేకుల లోపటికి రాకుండ్రి. బయట రోడ్డు నాది కాదు. పన్నెండు దాక కూసోండ్రి” అన్నాడు.

ఏటా తొమ్మిదికల్లా ఎవరో ఒకరు వచ్చేవాళ్లట. తొమ్మిదైంది, పది దాటింది. జనం మా ముందు నుంచి పోతూనే ఉన్నారు. ఒకామె ఆగి ఇది ఏ దేవుడికని మరాఠీలో అడిగి, ఫోటో తీసుకుని వెళ్లింది. మనవాళ్లు ఒక్కరూ రాలేదు. ఎండ గంపల మీదికి వచ్చింది. నేను సీసాలు నింపుకొచ్చి చిలకరించాను. పదకొండున్నరకు తంగేడు రేకలు అంచుల దగ్గర మెత్తబడడం కనిపించింది. పెద్దమ్మ అల్లుడి నవ్వు నాకక్కడిదాకా వినబడుతోంది.

పన్నెండుకు వాచ్‌మన్ తన నీడ గొడుగును తెచ్చి గంపల మీద పెట్టాడు. “కొత్త టేషన్ అటు దిక్కున్నది, పావుగంట నడక. జనమంత ఆడికే పోతుండ్రు” అన్నాడు.

నేను లేచాను. “విన్నవా పెద్దమ్మా? వాళ్లు ఆడ చూస్తుండొచ్చు. పా, పోదాం.”

“నేను రాను.”

“పూలు ఎండుతున్నయి!”

“ఎండనీ. వాళ్లొచ్చి ఈడ చూస్తె నేను లేకపోతె ఏమనుకుంటరు? టేషన్ పొయ్యింది, అవ్వ గూడ పొయ్యిందనుకుంటరు. నేను ఈడికెళ్లి లేస్తె ఈ జాగ నిజంగ పోయినట్టె. కూలగొట్టింది వాళ్లు. ఇడిచిపెట్టింది నేనెట్లయిత?”

మొండి మనిషి అని నోటిదాకా వచ్చింది. పద్దెనిమిదేళ్లు మొండి ప్రయాణికులతో గొడవపడ్డదాన్ని, ఒక్క మాటతో లేపగలను. కానీ ఆమె చేతివేళ్లు నేలను పట్టుకుని ఉన్నాయి. ఆమె భయపడుతోందని అప్పుడు అర్థమైంది. అంత భయంలోనూ కదలడం లేదు. నాకు కోపం పోయి, ఆ కోపమంతా నీలిరేకుల మీదికి మళ్లింది. గంపలోంచి బాగా విచ్చిన తంగేడు కొమ్మ ఒకటి తీసుకుని నేనొక్కదాన్నే బయలుదేరాను.

కొత్త స్టేషను నేల కింద ఉంది. దానికి నాలుగు ద్వారాలు, నాలుగింటికీ కదిలే మెట్లు. వాటి కింద ఎవరూ కూర్చోలేరు. మొదటి ద్వారం దగ్గర పట్టుచీర కట్టుకున్న ఒకామె ఖాళీ తాంబాళం పట్టుకుని వచ్చేపోయేవాళ్లను చూస్తోంది. రెండో ద్వారం దగ్గర మరో ఇద్దరు. ఒకరికొకరు కనబడకుండా నాలుగు దిక్కులా నిలబడి అందరూ పెద్దమ్మ కోసమే వెతుకుతున్నారు. వాళ్ల పేర్లు నాకు తెలియవు. వెళ్లి ఒక్కొక్కరినీ అడిగే ఓపికా లేదు. నాకు తెలిసిన పని ఒకటే. గోడ అంచు మీదికెక్కాను, తంగేడు కొమ్మ పైకెత్తాను, బస్టాండులో అరిచే గొంతుతో అరిచాను.

“మీది టేషన్! మీది టేషన్! మీది టేషన్ పోయెటోళ్లు రావాలె!”

జనం తిరిగి చూశారు. సెక్యూరిటీ మనిషి నా వైపు నడిచాడు. మొదట సిగ్గేసింది, రెండోసారికి సిగ్గు పోయింది. మూడోసారికి అన్ని ద్వారాల నుంచీ పట్టుచీరలు పరుగెత్తుకొస్తున్నాయి. మొదట చేరినామె తంగేడును ముట్టుకుని చూసి, నా మణికట్టు పట్టుకుంది.

“అవ్వ వచ్చిందా? పానం మంచిగున్నదా? టేషన్ పోయినంక... మేము అవ్వ గూడ...” అని ఆగిపోయింది.

“మొదటి మెట్టు కాడ కూసున్నది. లేవనంటున్నది. మీరే రావాలె” అన్నాను.

మొత్తం పదకొండు మంది. సెక్యూరిటీ మనిషి వచ్చేసరికే నేను “రైట్, రైట్” అని అందరినీ నడిపించాను. దారిపొడుగునా వాళ్లు ఇంకా రానివాళ్లకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. మలుపు తిరగగానే గొడుగు కింద పెద్దమ్మ కనబడింది. మమ్మల్ని చూసింది. లేవలేదు. గంప మీది తడిచీర తీసి, ఇప్పుడేం కొంపలు మునిగాయన్నట్టు గునుగు కట్టలు విప్పడం మొదలుపెట్టింది.

“గింత ఆలిశమా? తొమ్మిదికి గద రావాలె!” అని కసిరింది. ఒకామె ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చేసింది. పెద్దమ్మ ఆమె జుట్టులో తంగేడు తురిమింది.

నాలుగు గంటలకు ముప్పై మందికి పైగా అయ్యారు. రేకుల ముందు రోడ్డు వారగా బతుకమ్మలు వరుసగా నిలబడ్డాయి. సాహెబొకాయన బండి దిగి ఇదేం గోల అని అరిచాడు. దెగ్లూరు వాచ్‌మన్ ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఏం చెప్పావని తర్వాత అడిగితే, “ఈమె టేషన్ కట్టించిన ఇంజినీరు తల్లి అని చెప్పిన” అన్నాడు. అబద్ధమే, నేను దిద్దలేదు. పెద్దమ్మ పాట అందుకుంది. అది పాత పాట కాదు, అప్పటికప్పుడు కట్టింది.

“మెట్టు మెట్టుకు ఇసుక ఉయ్యాలో, మేము మోసినమమ్మ ఉయ్యాలో
మెట్లు కూలినగాని ఉయ్యాలో, మేము కూలలేదమ్మ ఉయ్యాలో”

చప్పట్లు రేకులకు తగిలి రెట్టింపై వినిపించాయి. నేను కూడా ఆడాను. చీకటి పడకముందే వాళ్లు బతుకమ్మలెత్తుకుని సముద్రం వైపు వెళ్లారు. పోతూ పోతూ ఒకామె తన నంబరు రాసిన చీటీ పెద్దమ్మ చేతిలో పెట్టబోయింది. “ఎందుకు బిడ్డా? జాగ ఎరుకే గద” అని పెద్దమ్మ తిరిగి ఇచ్చేసింది. ఆ చీటీ నేను తీసుకుని పర్సులో దాచాను. అంత మొండితనం నాకింకా రాలేదు.

దాదర్‌లో తొమ్మిదిన్నరకు రైలెక్కి, మర్నాడు ఒంటిగంటకు కామారెడ్డిలో దిగాము. రెండు గంపలూ ఒకదాంట్లో ఒకటి ఇమిడాయి. పెద్దమ్మ కొంగున ఆ చోటి కంకరరాయి ఒకటి మూటగట్టుకుంది, అల్లుడికి చూపిస్తుందట. వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. సద్దుల నాడు పొద్దున సిటీ బస్సెక్కి లేని స్టేషనుకు టికెట్టు అడగండి. దర్గా జెండాకు ఎదురుగా దిగండి. పెద్దమ్మ అక్కడే ఉంటుంది.

ఎల్లారెడ్డి బస్సులో మళ్లీ శ్రీకాంతే డ్యూటీ. పండగ జనంతో బస్సు కిక్కిరిసి ఉంది. తాడ్వాయి ఇంకా రాకముందే ముందు సీట్లోంచి ఒక ముసలాయన చేతికర్ర ఆనించుకుని లేచాడు. నేను గుర్తుపట్టాను. ఖాకీ చొక్కా లేదు కాబట్టి ఆయన నన్ను గుర్తుపట్టలేదు.

“మిల్లు కాడ ఆపు బిడ్డా.”

“మిల్లు లేదు, స్టేజీ లేదు బాపు. తాడ్వాయిల దింపుత” అన్నాడు శ్రీకాంత్. అచ్చం నా మాటే, నా గొంతే.

మక్కలు ఆరబోసిన ఖాళీ జాగా దగ్గర పడుతోంది. నేను డ్యూటీలో లేను. పక్కన పెద్దమ్మ కళ్లు మూసుకుని ఉంది.

“హోల్డాన్!” అని అరిచాను. “మిల్లు స్టేజీ!”

డ్రైవరుకు నా గొంతు పద్దెనిమిదేళ్లుగా అలవాటు. బ్రేకు పడింది. శ్రీకాంత్ నా వంక నోరు తెరుచుకుని చూశాడు. ముసలాయన ఒక్కొక్క మెట్టే దిగి, కర్రను నేల మీద ఆనించి, తన ఇంటి దారి పట్టాడు.

పెద్దమ్మ కళ్లు తెరవకుండానే అంది, “రైట్, రైట్.”